మామ్మ ప్రార్థనలో భారతి పేరు

ఈ వేసవిలో ఒక ఉదయం భారతి ఇంట్లో కాఫీకి కూర్చున్నాను. ఆమెకు షుగర్ వచ్చిందేమోనని డాక్టరుగారు అనుమానపడి రక్తపరీక్ష రాశారు. ల్యాబ్ నుంచి వచ్చిన అమ్మాయి ఆమె చేతికి రబ్బరు పట్టీ బిగించి సూది తీయగానే, భారతి ముఖం గోడవైపు తిప్పేసుకుని నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి నా వాచీ గొలుసు చర్మంలోకి దిగింది. ఆమె నుదుట చెమట, పెదవుల్లో రంగు లేదు. "అయిపోయింది మామ్మగారూ, చీమ కుట్టినట్టే కదా!" అని నవ్వుతూ ఆ అమ్మాయి దూది పెట్టి వెళ్ళిపోయింది. నా ఉద్యోగకాలమంతా ఆసుపత్రి వార్డుల్లోనే గడిచింది కనుక ఆ ముఖం నాకు బాగా తెలుసు. అది సూదికి జడిసే ముఖం కాదు, రక్తం చూస్తే కళ్ళు తిరిగే మనిషి ముఖం. చిన్నప్పటి నుంచీ ఎరిగిన భారతిలో ఆ ముఖం ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఆమె కాస్త తేరుకున్నాక ఒక ప్రశ్న అడిగాను. ఆమె జవాబు చెప్పింది. ఏది ముందు, ఏది వెనుక అన్న క్రమం నాకు జీవితమంతా ముఖ్యం కాబట్టి ఆ జవాబును దాని చోట, అంటే చివరనే రాస్తాను. సరిగ్గా ఆ వారమే మా పాస్టరుగారు, యువతీయువకుల కూడికలో స్నేహితులను ఎన్నుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అలవాటు ప్రకారం డైరీలో శీర్షికలు వేసుకుని, ఒక్కో దాని కింద వాక్యభాగాలు కూడా రాసి పెట్టుకున్నాను. భారతి జవాబు విన్నాక అదంతా ఒక గీత గీసి కొట్టేశాను. పిల్లలకు నేను చెప్పగలిగింది ఒక్క సంగతే. అది మా మామ్మ దగ్గర మొదలవుతుంది.

మా నాన్నమ్మను అందరూ మామ్మ అనేవాళ్ళం. నూజివీడు ఊరి చివర మా పేటలో, చర్చి పక్క ఇల్లు మాది. మండు వేసవి వచ్చిందంటే మా ఇంట్లో మంచాల కింద నేల కనిపించేది కాదు. వరిగడ్డి పరిచి, దాని మీద రసాల మామిడికాయలు వరసగా పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి మాగవేసేది మామ్మ. రాత్రంతా ఆ వాసన మీదే నిద్రపోయేవాళ్ళం. మొదట పచ్చి గడ్డి వాసన, తర్వాత పులుపు కలిసిన తీపి, ఆ తర్వాత ఇల్లంతా తేనె పోసినట్టు. తెల్లవారగానే మామ్మ మోకాళ్ళ మీద వంగి గడ్డిలో చెయ్యి పెట్టి ఒక్కో కాయా తీసి, నొక్కకుండా, ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. "నొక్కితే కాయ చెడుతుంది. వాసన అబద్ధం చెప్పదు" అనేది. మచ్చపడిన కాయ ఒకటి దొరికితే దాన్ని పారేయకుండా విడిగా పెట్టి, "ఇది ముందు తినాల్సింది" అని నాకు కోసిచ్చేది. మామ్మ ఒకప్పుడు బైబిలు స్త్రీగా ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పిన మనిషి. కాళ్ళు సహకరించక ఇంటిపట్టున ఉండిపోయినా, ఎదుటి మనిషిని నొక్కకుండా చూసే అలవాటు మాత్రం పోలేదు.

సాయంత్రం దీపం పెట్టాక కుటుంబ ప్రార్థన. చాప మీద నాన్న, అమ్మ, తమ్ముళ్ళు, నేను. మామ్మ మాత్రం గోడకు ఆనుకుని. పాట అయ్యాక నాన్న వాక్యం చదివేవారు. చివరి ప్రార్థన మామ్మది. అందులో జబ్బుపడినవాళ్ళ పేర్లు, ప్రయాణంలో ఉన్నవాళ్ళ పేర్లు అయ్యాక, మా స్నేహితుల పేర్లు వచ్చేవి. ఇది మా ఇంటి ఆచారం. ఎవరితో స్నేహం చేస్తున్నామో దేవుడి ముందు, ఇంటిల్లిపాదీ వింటుండగా, పేరు పెట్టి చెప్పాలి. మా తమ్ముడు ఒకసారి చెరుకు దొంగతనానికి వెళ్ళే జట్టులో చేరి, ఆ పిల్లల పేర్లు చెప్పడానికి సిగ్గుపడి, ఆ జట్టునే మానేశాడు. అయితే మేం చెప్పిన ప్రతి పేరునూ మామ్మ వెంటనే ప్రార్థనలో చేర్చేది కాదు. కొన్ని పేర్లు మర్నాడే వచ్చేవి, కొన్ని నెలల తరబడి వచ్చేవి కావు. ఎందుకని అడిగితే, "ఇంకా మాగలేదులే" అని ఊరుకునేది.

నాకు ఇద్దరు స్నేహితురాళ్ళు. రాహేలు మా పేట పిల్ల, సంఘ పెద్ద దానియేలుగారి అమ్మాయి. పాటలు బాగా పాడేది, మనసు వెన్న. నేను ఏం కట్టుకున్నా బాగుందనేది, ఏం చేసినా సరేననేది. భారతి బజారులో మామిడికాయల మండీ ఉన్న శెట్టిగారి అమ్మాయి. బళ్ళో నా పక్కన కూర్చునేది. దాని నోటికి గేటు లేదు. నేను కొత్త లంగా ఓణీ వేసుకుని వెళ్తే, "రంగు బాగుంది కానీ నీకు బాలేదే" అనేది. మా ఇంటికి వస్తే అరుగు మీదే కూర్చునేది. వాళ్ళ ఇంట్లో మా ఇంటి మంచినీళ్ళకు కూడా ఒప్పుకునేవారు కాదు. మామిడిపండు మాత్రం తీసుకునేది. "తొక్క ఉన్నదానికి మైలేంటి మామ్మగారూ!" అని మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తినేది. రాహేలు పేరు మామ్మ ప్రార్థనలో ఎప్పటి నుంచో ఉంది. భారతి పేరు లేదు. వేరే మతం కాబట్టి మామ్మ చేర్చట్లేదని నాకు నేనే ఒక అర్థం చెప్పుకుని, అడగడం మానేశాను.

ఆ అర్థానికి బలం కూడా దొరికింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక దానియేలుగారు మామ్మను ఆపి, "మరియమ్మగారూ, మీ విమల ఎప్పుడూ ఆ శెట్టిగారి పిల్లతోనే కనబడుతోంది. విశ్వాసి కానివాళ్ళతో జోడు కట్టకూడదని మీకు నేను చెప్పాలా?" అన్నారు. మామ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ, "మంచి మాటేనండి. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు తప్పకుండా గుర్తు పెట్టుకుంటాను" అంది. ఆయన నవ్వలేక నవ్వి వెళ్ళిపోయారు. నేను పక్కనే ఉన్నాను. కానీ ఆ సాయంత్రం కూడా ప్రార్థనలో భారతి పేరు రాలేదు.

నా బడి చదువు అయిపోయిన వేసవిలో మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ ట్రైనింగ్‌కు నా దరఖాస్తు వెళ్ళింది. అంతకుముందు మా పేట నుంచి ఏ ఆడపిల్లా ట్రైనింగ్‌కు వెళ్ళలేదు. పాస్టరుగారు సంఘంలో నిలబెట్టి నా కోసం ప్రార్థన చేయించారు. ఆడవాళ్ళందరూ తెల్ల గౌను వేసుకున్నట్టే నన్ను చూడడం మొదలుపెట్టారు. నాన్నతో మాత్రం కొందరు, "చూద్దాం మాస్టారూ, మీ అమ్మాయి నిలబడితే మా పిల్లల్నీ పంపుతాం" అన్నారు. నేను నిలబడకపోతే? ఆ మాట ఎవరూ అనలేదు. నాకు మాత్రం అదే చెవిలో మోగేది. ఎందుకంటే నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. కోడిని కోసేటప్పుడు అమ్మ ఎప్పుడూ నన్ను నీళ్ళకు పంపేది, అందుకని ఇంట్లో ఎవరికీ ఈ సంగతి పూర్తిగా తెలియదు.

తెలిసిందల్లా నా స్నేహితురాళ్ళిద్దరికే. ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం మేం ముగ్గురం భారతి వాళ్ళ మండీలో కూర్చుని ఉన్నాం. షెడ్డు నిండా కాయల కుప్పలు, గడ్డి, సొన వాసన. గంపలు సర్దే కాంతమ్మ చురకత్తితో ముచ్చికలు కోస్తూ వేలు కోసుకుంది. గడ్డి మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. నాకు చెవుల్లో హోరుమని శబ్దం, తర్వాత ఏమీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి రసాల కుప్ప మీద పడి ఉన్నాను. వేలికి గుడ్డ చుట్టుకున్న కాంతమ్మే నాకు విసురుతోంది. "నా వేలు తెగితే నువ్వు పడ్డావేంటమ్మా? రేపు నువ్వు సూది పొడిచేలోపు నీకే ఎవరైనా సూది పొడవాలి!" అంది. షెడ్డంతా నవ్వింది. "ఎండదెబ్బలే" అని భారతి అందరినీ తోసేసి నాకు నీళ్ళిచ్చింది.

దారిలో రాహేలు నా భుజం మీద చెయ్యి వేసి, "ఎవరికీ చెప్పకు విమలా. ఆ మాత్రానికి ఏమవుతుంది? అక్కడికి వెళ్ళాక దేవుడే ధైర్యం ఇస్తాడు. నీ అంత మంచి నర్సు ఉండదు చూడు" అంది. నాకు ఎంతో హాయిగా అనిపించింది. భారతి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. "ఏంటే మీ దేవుడికి పని? మొదటి రోజే పేషెంటు మీద పడితే ఇద్దరినీ మోయాలి వాళ్ళు. నిన్ను వెనక్కి పంపేస్తారు. ఇంక మీ పేటలో ఏ పిల్లనైనా పంపుతారా? ఇంట్లో చెప్పు." చెప్పనన్నాను. "నువ్వు చెప్పకపోతే నేను చెప్తా" అంది. నా స్నేహితురాలివైతే చెప్పవన్నాను. "అవును కాబట్టే చెప్తున్నా" అని విసవిసా మా ఇంటివైపు నడిచింది.

అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మామ్మ ముందు నిలబడి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. "మామ్మగారూ, మీ మనవరాలికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఇవాళ మా కాయల మీద పడింది. మీరు ఏదో ఒకటి చెయ్యాలి." నాన్న లోపలి నుంచి బయటికి వచ్చారు. అమ్మ చేతిలో గరిటతోనే వచ్చింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. "నువ్వింక మా ఇంటికి రాకు" అని అరిచాను. భారతి మామ్మ వైపు చూసి, "చూశారా, కోపం మాత్రం ఎంత ధైర్యంగా వస్తుందో!" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం చాప మీద నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. పాట పాడలేదు. మామ్మ ప్రార్థన మొదలుపెట్టింది. జబ్బువాళ్ళు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, తమ్ముళ్ళ స్నేహితులు, రాహేలు. అక్కడితో అయిపోతుందనుకుని ఆమేన్ అనబోయాను. మామ్మ ఆగి, గొంతు సవరించుకుని, "ప్రభువా, మా విమల స్నేహితురాలు భారతిని దీవించు" అంది. అంత కోపంలోనూ నా తల అటు తిరిగింది. ఆమేన్ అన్న తర్వాత, "ఇన్నాళ్ళూ చెప్పని పేరు ఇవాళే ఎందుకు చెప్పావు మామ్మా? అది నా పరువు తీసిన రోజే దొరికిందా?" అన్నాను. మామ్మ నవ్వలేదు. "మతం చూసి ఆగాననుకున్నావా? స్నేహం మాగిందో లేదోనని చూస్తున్నానే. నిన్ను నొప్పించి, నీకు దూరమవడానికి కూడా సిద్ధపడి నీ మేలు చూసింది ఇవాళే. ప్రభువుని శత్రువులకు పట్టించిన శిష్యుడు ఆయన్ని తిట్టలేదమ్మా, ముద్దుపెట్టుకున్నాడు. అది మర్చిపోకు. మంచివాళ్ళు కావలసినంత మంది ఉంటారు. వాళ్ళలో నీకు నిజం చెప్పేవాళ్ళని వెతుక్కో" అంది. రాహేలు సంగతి అడిగాను. "రాహేలు మంచిపిల్ల. దాన్ని ప్రేమించు. సలహా మాత్రం భారతిని అడుగు."

మర్నాడు భారతి తానే వచ్చింది. రావద్దన్నానని గుర్తుచేశాను. "నీ కోసం కాదు, మామ్మగారి కోసం వచ్చా" అని అరుగెక్కి కూర్చుని, తన ఉపాయం చెప్పింది. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు బజారులో మస్తాన్ గారి మాంసం కొట్టు దగ్గర నన్ను నిలబెట్టాలట. ఇంటర్వ్యూ పిలుపు వచ్చేదాకా ప్రతివారమూ. "నువ్వూ వస్తావా? మీరు గుడ్డు కూడా ముట్టరు కదే!" అన్నాను. "ముట్టనక్కర్లేదు, చూస్తే చాలు. నువ్వు పడిపోతే పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా" అంది. ఇంట్లో ఏం చెప్తావని మామ్మ అడిగింది. "నాన్నకు నిజమే చెప్పానండి, నవ్వి ఊరుకున్నారు. మా నాయనమ్మ అడిగితే ఆవిడకూ చెప్తాను. ఆవిడ అడగదు. నేను తలంటు పోసుకుని వెళ్తే చాలు." ఆ తలంటు కోసం ప్రతి ఆదివారం మామ్మ మా పెరట్లో మామిడి పుల్లలు, కొబ్బరి డొక్కలు పెట్టి నీళ్ళు కాచేది. కుంకుడుకాయలు కూడా తానే కొట్టి ఉంచేది.

ఆ ఆదివారాలను తలుచుకుంటే నాకిప్పటికీ గుండె ఉప్పొంగుతుంది. పట్టు పరికిణీ వేసుకున్న శెట్టిగారమ్మాయి మాంసం కొట్టు ముందు, ఓణీ కొంగుతో ముక్కు మూసుకుని, రెండో చేత్తో నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడేది. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూసేవారు. "ఏమ్మా శెట్టిగారి పాపా, ఎంత కావాలి? బోన్‌లెస్సా?" అని మస్తాన్ గారు ఏడిపించేవారు. "ముందు మీ పని కానివ్వండి, మా పని మేం చూసుకుంటాం" అనేది. మొదటివారం నేను నిలబడలేకపోయాను. భారతి నన్ను గోనెసంచి మీద కూర్చోబెట్టి, ముఖాన నీళ్ళు కొట్టి, మళ్ళీ లేపింది. "రక్తం వైపు చూడకే. కత్తి ఏం చేస్తోందో చూడు. ఆయన చెయ్యి చూడు. ఎక్కడ ఆపుతున్నాడో చూడు" అని చెవిలో చెబుతూనే ఉండేది. అలా చూడగా చూడగా, ఎరుపు వెనక్కి పోయి పని ముందుకు వచ్చింది. ఒక ఆదివారం నాకు కళ్ళు తిరగలేదు. కొట్టు నుంచి తిరిగి వస్తుండగా భారతే కాలువ గట్టున కూర్చుని వాంతి చేసుకుంది. వాసన పడలేదంది. నేను నమ్మాను.

ఇంటర్వ్యూ రోజున మేట్రన్ అమ్మగారు మమ్మల్ని వరసగా కట్లు కట్టే గదిలోకి తీసుకువెళ్ళారు. ఒకాయన కాలికి పెద్ద గాయం, కట్టు విప్పుతున్నారు. నా పక్కనున్న పిల్ల గోడ పట్టుకుంది. నేను నర్సు చేతుల వైపు చూస్తూ నిలబడ్డాను. "నీకు భయం వెయ్యలేదా?" అని అడిగారు. దాచకూడదని అప్పటికే నేర్చుకున్నాను. "ముందు వేసేదండీ, కళ్ళు తిరిగి పడిపోయేదాన్నండీ. మాంసం కొట్టు దగ్గర నిలబడి నేర్చుకున్నానండీ" అన్నాను. ఎవరు నేర్పారన్నారు. "మా స్నేహితురాలండీ. వాళ్ళు మాంసం తినరండీ." ఆవిడ కలం కింద పెట్టి చాలాసేపు నవ్వారు. తర్వాత, "అలాంటి స్నేహితురాలిని సంపాదించుకోగలిగావంటే నీకు బుర్ర ఉందన్నమాట" అన్నారు. నాకు సీటు వచ్చింది. నా వెనకే మా పేట నుంచి ఇంకొందరు పిల్లలు వెళ్ళారు, వాళ్ళ వెనక వాళ్ళ చెల్లెళ్ళు. పెద్దదాన్నై ట్రైనింగు పిల్లలకు నేర్పే రోజుల్లో, మొదటి రోజు నేను చెప్పే మొదటి మాట ఒకటే: గాయాన్ని కాదు, చెయ్యాల్సిన పనిని చూడండి. ఆ మాట నాదేనని అందరూ అనుకున్నారు. అది మస్తాన్ గారి కొట్టు ముందు, ఓణీ కొంగు చాటు నుంచి నా చెవిలో పడిన మాట.

రాహేలు ఏలూరులో ఉంటోంది. క్రిస్మస్‌కు తప్పకుండా ఫోన్ చేసి నా గొంతు ఇంకా కుర్రపిల్లలా ఉందంటుంది. నాకు సంతోషంగానే ఉంటుంది, ఆమె పేరూ ప్రార్థనలో చెప్తాను. భారతి నూజివీడులోనే మరో మండీ ఇంటి కోడలైంది. రిటైరయ్యాక నేను మళ్ళీ నూజివీడు వచ్చి స్థిరపడడానికి ఆమె ఒక కారణం. వాళ్ళ దేవుడి గదిలో దీపం ఆమె పెడుతుంది, మా ఇంట్లో ప్రార్థన నేను చేస్తాను. మా ఇద్దరి మధ్యా ఆ తేడా ఉంది, దాన్ని లేదని మేం ఎప్పుడూ నటించలేదు. నా విశ్వాసాన్ని ఆమె ఒక్కనాడూ పలచన చేయలేదు. ఆదివారం బద్ధకించి ఇంట్లో ఉంటే, "ఇవాళ చర్చికి పోలేదేం?" అని అడిగేది ఆమే. ఇప్పటి పిల్లలను చూస్తే కొంచెం జాలి వేస్తుంది. నొప్పించే మాట ఒకటి వస్తే ఫోన్లో బ్లాక్ చేసేస్తారు. నేనూ అరుగు మీద నిలబడి ఆ పనే చేశాను. కానీ మా ఇంట్లో మామ్మ ఉంది, ఆ పిల్లకు మర్నాడు మళ్ళీ అరుగెక్కే ధైర్యం ఉంది.

ల్యాబ్ అమ్మాయి వెళ్ళిపోయాక నేను అడిగింది ఇదే. "ఏమే, రక్తమంటే నీకింత భయమైతే, ఆ రోజుల్లో మస్తాన్ గారి కొట్టు దగ్గర ఎలా నిలబడ్డావే?" ఆమె దూది నొక్కుకుంటూ, చల్లారిన కాఫీ వైపు చూస్తూ, "నాకూ కళ్ళు తిరిగేవే. అందుకే నీ మోచెయ్యి అంత గట్టిగా పట్టుకునేదాన్ని. నీకు చెబితే నువ్వు మానేసేదానివి. ఇద్దరం పడితే లేపేదెవరు?" అంది. ఇద్దరిలో ఒకరు పడితే లేపడానికి రెండోవారు ఉండాలని మా గ్రంథంలో ఉంది. ఆమె దాన్ని ఎన్నడూ తెరవలేదు.

పరీక్ష ఫలితం మర్నాడు వచ్చింది. షుగర్ బాగా ఎక్కువగా ఉంది. నేను వెళ్ళి రసాలు మానెయ్యమన్నాను. నూజివీడులో, మామిడి మండీ ఇంట్లో, కాయలు దిగే రోజుల్లో! "ఈ ఒక్క సీజనూ పోనివ్వవే" అంది. ఇంట్లో అందరూ అలాగే అంటున్నారట, ఒకటీ అరా ఫర్వాలేదని. నేను నేరుగా పడకగదిలోకి వెళ్ళాను. ముక్కు ఇంకా పనిచేస్తోంది. మోకాళ్ళు నొప్పెట్టినా వంగి, మంచం కింద గడ్డిలో దాచిన పండ్లన్నీ తీసి సంచిలో వేసుకుని, ఆమె కొడుకు, కోడలు చూస్తుండగానే ఎంత షుగర్ ఉందో పైకి చదివి వినిపించాను. "నువ్వింక మా ఇంటికి రాకు" అని అరిచింది భారతి. "చూశావా, కోపం మాత్రం ఎంత బలంగా వస్తుందో!" అని సంచి పట్టుకుని వచ్చేశాను.

కొన్నాళ్ళు ఫోన్ లేదు. ఒక సాయంత్రం ప్రార్థన ముగించి చాప చుడుతుండగా మోగింది. నమస్కారమూ లేదు, పలకరింపూ లేదు.

"ఇవాళ నా పేరు చెప్పావా, లేదా?"

"చెప్పాను."

"సరే. రేపు వచ్చేటప్పుడు ఆ ఖాళీ సంచి తీసుకురా, మళ్ళీ రెండు దాచాను."